చెవికి నచ్చితే చాలదు... కాలికీ నచ్చాలి!

పరిగెత్తేవాళ్లకు పాటలెందుకని మీరూ అనుకుంటున్నారా? 2022 దాకా నేనూ అట్లాగే అనుకున్నదాన్ని. చెవుల్లో తీగలు పెట్టుకుని పొద్దున్నే ఉరికే ఆడపిల్లలను టీవీలో చూసి 'పట్నం సోకు' అని నవ్వుకునేదాన్ని. మాది కోనరావుపేట. వేములవాడకు దగ్గర. ఇదివరకు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. మా దిక్కు ఆడవాళ్లు ఉరికేది రెండే సందర్భాల్లో. బస్సు వెళ్లిపోతుంటే, లేదా వాన మొదలై వాకిట్లో మిరపకాయలు తడుస్తుంటే.

నేను ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. మా బిడ్డ డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రాతపరీక్ష మొదటి మెట్టు దాటింది. ఇక మిగిలింది ఈవెంట్స్. అంటే ఉరుకుడు, లాంగ్ జంప్, గుండు విసరడం. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. ఎంత చదివినా ఇక లాభం లేదు.

అదే నెలలో నాకు రక్తపరీక్ష చేశారు. పరగడుపున షుగర్ 118. వంద లోపు ఉండాలట, 126కు చేరితే షుగర్ వ్యాధి కిందే లెక్కట. "మధ్యలో ఉన్నారమ్మా, ఇప్పుడే కాళ్లు కదిలించండి" అన్నారు డాక్టరుగారు. కాళ్లు కదిలించకపోవడమేమిటి, రోజంతా మిషన్ తొక్కుతూనే ఉంటాను కదా అనుకున్నాను. అది వేరు, ఇది వేరు అని అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

అట్లా తల్లీబిడ్డలం ఇద్దరం ఒకేరోజు పొద్దుగాల అయిదింటికి మైదానానికి బయల్దేరాం. దానికి ఉద్యోగం కోసం, నాకు ఒంటి కోసం. మొదటి రోజు నేను చీరలోనే వెళ్లాను. రెండో రోజు మా బిడ్డ పంజాబీ డ్రెస్సు వేసుకోమని గొడవ పెట్టింది. వాడకట్టులో ఒకరిద్దరు మూతి తిప్పారు గానీ, వారం తిరిగేసరికి అదీ పాతబడిపోయింది.

మా బిడ్డ దగ్గర ఫోన్ ఉంది, ఫోన్లో పాటలున్నాయి. సినిమాల్లోని మంచి ఊపున్న పాటలన్నీ ఏరి పెట్టుకుంది. మైదానం చుట్టూ టేపుతో కొలిచి 200 మీటర్ల గుండ్రం గీసుకున్నాం. నాలుగు చుట్లు తిరిగితే 800. 5 నిమిషాల 20 సెకన్లంటే చుట్టుకు 80 సెకన్లు. ఆ పాట పెట్టుకుని ఉరికితే మొదటి చుట్టు 58 సెకన్లలో అయిపోయింది! నాకు సంతోషమే సంతోషం. రెండో చుట్టులో మొహం ఎర్రబడింది. మూడో చుట్టు సగంలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. మొత్తానికి ఎట్లాగో ముగించేసరికి 5 నిమిషాల 50 సెకన్లు. అట్లా వారం రోజులు. రోజూ అదే పాట, అదే మొదటి చుట్టు, అదే ఏడుపు.

"అమ్మా, నాకు దమ్ము లేదే" అన్నది ఒకరోజు.

దమ్ము లేక కాదు. పాట తరుముతుంటే మొదట్లోనే ఉన్నదంతా ఖర్చు పెడుతోంది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నా కుట్టుమిషన్ చెప్పింది. మెత్తటి బట్టకు ఒక వేగం, మందపు బట్టకు ఒక వేగం తొక్కుతాం. తొందరగా ఇవ్వాలి కదా అని మందపు బట్ట మీద జోరుగా తొక్కితే సూది విరుగుతుంది. కాలి వేగం పనిని బట్టి ఉండాలి గానీ మన తొందరను బట్టి కాదు. మరి ఉరకడానికి కాలి వేగం ఎంత ఉండాలి? ఆ రోజు రాత్రి కుట్టు టేపూ కాగితమూ ముందేసుకుని కూర్చున్నాం.

ముందు అడుగు కొలవండి

మీరూ చేసుకోవచ్చు, కష్టమేమీ లేదు. మామూలుగా ఉరికేటట్టు ఉరుకుతూ ఇరవై అడుగులు వేయాలి. మొదలుపెట్టిన చోట ఒక గీత, ఆగిన చోట ఒక గీత. మధ్య దూరం కొలవాలి. మా బిడ్డకు ఇరవై అడుగులకు 18 మీటర్లు వచ్చింది. మీటరున్నర టేపుతో పన్నెండుసార్లు వంగి కొలిచేసరికి నా నడుము పట్టేసింది, అది వేరే సంగతి. అంటే ఒక్కో అడుగు 90 సెంటీమీటర్లు. 800 మీటర్లకు దాదాపు 889 అడుగులు. 5 నిమిషాల 20 సెకన్లలో అన్ని అడుగులు వేయాలంటే నిమిషానికి 167. అంచున ఉంటే లాభం లేదు, అయిదు నిమిషాల్లో అవ్వాలనుకుంటే నిమిషానికి 178.

ఇక పాట లెక్క. పాటలో డోలు గానీ, డప్పు గానీ, చప్పట్టు గానీ గట్టిగా వినిపించే దెబ్బను పట్టుకోవాలి. గడియారం చూస్తూ 15 సెకన్లు దెబ్బలు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్నో వస్తుంది. ఒక్కోసారి లెక్క తప్పుతుంది. రెండుమూడుసార్లు చేసి చూసుకోవాలి. ఫోన్లో మెట్రోనోమ్ అని టిక్కు టిక్కుమని కొట్టే యాప్ ఉంటుంది. దానికి అంకె ఇస్తే ఆ వేగంతో కొడుతుంది. పాటకు దాన్ని జోడించి చూసినా తెలిసిపోతుంది.

అడుగుకొక దెబ్బ ఉండాలన్న నియమం లేదు. ఇదే మాకు ఆలస్యంగా తెలిసిన కిటుకు. 170 దెబ్బల పాట దొరక్కపోతే 85 దెబ్బల పాట చాలు. కుడికాలు పడ్డప్పుడల్లా ఒక దెబ్బ. ఎడమకాలు మధ్యలో తనంతట తానే పడిపోతుంది. అందుకని మీ వేగం తెలుసుకోవడానికి రెండు కాళ్లూ లెక్కపెట్టక్కర్లేదు. నిమిషానికి కుడికాలు ఎన్నిసార్లు పడుతోందో చూసుకోండి, అన్ని దెబ్బల పాట వెతుక్కోండి. నాకు కుడికాలు 73 వచ్చింది, అంటే 146 అడుగులు. నాది ఉరుకుడు కాదు, ఉరికినట్టు నటించడం అని మా బిడ్డ వెక్కిరింపు.

మరి ఏ పాట?

సినిమా పాటలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి పక్కన పెడుతున్నాం. డెబ్బైమూడు దెబ్బల పాట నాకు దొరకడం లేదు. బతుకమ్మ పండుగప్పుడు మా వాడకట్టులో ఆడుతుంటే తీసిన వీడియో ఫోన్లో ఉంది. ఏదో గుర్తొచ్చి పెట్టుకుని చూస్తూ, అలవాటు కొద్దీ చప్పట్లు లెక్కపెట్టాను. 72! మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ 72. చిన్నప్పటి నుంచి ఈ కాళ్లు ఆ వేగంతో ఎన్ని వందలసార్లు తిరిగి ఉంటాయో! ఏమో, నా ఉరుకుడు కూడా దానికే వచ్చి ఆగింది కాబోలు. అందరి పాటా 72 అని అనుకోకండి. ఊరికొక తీరు, పాటకొక తీరు. ముసలమ్మలు పాడితే ఒక వేగం, పడుచుపిల్లలు పాడితే ఒక వేగం. సద్దుల నాటి రాత్రి పొద్దుపోయే కొద్దీ జోరెక్కుతుంది.

మర్నాడు ఆ వీడియో పెట్టుకుని ఉరికాను. మొదటిసారి మైదానం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగానో మరిచిపోయాను. చుట్లు లెక్కపెట్టుకోకుండా ఉరకడం నాకు అదే మొదలు.

మా బిడ్డకు మొదట నచ్చలేదు. "పోలీసు ఉద్యోగానికి బతుకమ్మ పాటనా?" అన్నది. కానీ లెక్కలో అదే కుదిరింది. ఫోన్లో పాట వేగం పెంచే వీలుంది కదా. 72 చప్పట్ల పాటను ఒకటింబావు వేగంతో పెడితే 90 అవుతుంది. 90 చప్పట్లంటే 180 అడుగులు. దాని అడుగుకు లెక్క కడితే 800 మీటర్లు 4 నిమిషాల 56 సెకన్లు. సరిగ్గా కావలసింది! మా వాడకట్టు అమ్మలక్కలంతా ఎవరో తరుముతున్నట్టు గబగబా పాడుతుంటే మొదటి రోజు నవ్వలేక చచ్చాం.

ఒక్కసారిగా 90కి పోలేదు. 64 చప్పట్ల నిదానమైన పాటను ఒకటింబావు చేసి 80తో పది రోజులు ఉరికింది. తర్వాత 85. ఆ తర్వాతే 90. మొదటి చుట్టు 58 సెకన్లు కాస్తా 75 అయింది. ఆఖరి చుట్టూ 75 దగ్గరే ఉంది. పాట దాన్ని తరమడం మానేసి పట్టుకుని ఉంచింది.

తీన్మార్ సంగతి అడుగుతారేమో. పెళ్లి బరాత్‌లో ఆ దెబ్బ వినపడితే ఇంట్లో కూర్చున్నవాళ్ల కాలు కూడా ఆడుతుంది. అది మూడు మూడుగా నడిచే నడక, తిశ్రం. 2023లో ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు' కూడా ఆ నడకే. ఒక్కో మూటకు ఒక్కో అడుగు వేయగలిగితే మంచి హుషారుగా ఉంటుంది. మా బిడ్డకు వీలయింది. నాకు మాత్రం అడుగు గంతై, ఉరుకుడు కాస్తా ఆట అయింది. ఒళ్లు వెచ్చబడేదాకా అది బాగుంటుంది, అంతే.

కళ్లు చెమ్మగిల్లే పాటలు మాత్రం దూరం పెట్టండి. 'బలగం' (2023) దర్శకుడు వేణు ఎల్దండి మా సిరిసిల్ల వారే. ఆ సినిమా చివర పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట ఒకరోజు పొరపాటున వరసలో వచ్చేసింది. ఇద్దరం గట్టు మీద కూర్చుండిపోయాం. ఆ రోజుకు ఉరుకుడు అయిపోయింది.

పెద్దవాళ్ల లెక్కలు

ఇదంతా మా ఇంటి వైద్యం అనుకోకండి. వందేళ్లకు పైగా చూస్తున్న విషయమే. న్యూయార్క్‌లో ఆరు రోజుల సైకిల్ పందేలు జరిగేవి. బ్యాండు వాయించినప్పుడు పందెగాళ్లు గంటకు సుమారు 19.6 మైళ్లు, బ్యాండు ఆగినప్పుడు 17.9 మైళ్లు తొక్కారని లెనార్డ్ ఐర్స్ అనే ఆయన 1911లోనే లెక్కతో సహా రాశారు. లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాజార్జిస్ దశాబ్దాలుగా ఇదే చూస్తున్నారు. దెబ్బకు అడుగు కలిసినప్పుడు అంతే శ్రమ తక్కువగా అనిపిస్తుందట. అయితే ఒంట్లో శక్తంతా పెట్టి ఉరికేటప్పుడు మాత్రం పాట ఆ కష్టాన్ని మరిపించలేదట. అప్పుడు ఊపిరి, గుండె, కాళ్లు పెట్టే గోలే మనసుకు వినపడుతుంది. మా బిడ్డ మూడో చుట్టులో ఎందుకు నిలబడిపోయేదో అది చదివాక తెలిసింది.

ఇథియోపియా వీరుడు హైలీ గెబ్రెసెలాసీ కథ ఇంకా ముచ్చటైనది. 1998 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, పైకప్పున్న స్టేడియంలో 2000 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టేటప్పుడు 'స్కాట్‌మ్యాన్' అనే పాటను మైకులో పెట్టించుకున్నాడు. ఆ దెబ్బ తన అడుగుకు సరిపోతుందని. అంత పెద్ద వీరుడికే పాట కావలసి వచ్చినప్పుడు మనకు నామోషీ ఏమిటి?

ఒక అంకె మాత్రం నెత్తినెక్కించుకోకండి. 'నిమిషానికి 180 అడుగులే సరైనవి' అని ఎక్కడ చూసినా రాస్తుంటారు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ 46 మంది పరుగువీరుల అడుగులు లెక్కపెడితే ఒక్కరు తప్ప అందరూ 180, అంతకు పైనే వేశారు. అప్పటి నుంచి పుట్టింది ఆ మాట. వాళ్లు ఒలింపిక్స్‌లో పందెం ఉరికేవాళ్లు. వంట చేసి, బోళ్లు తోమి, ఒక అరగంట ఉరికే మనకు 145 అయినా 155 అయినా తప్పేమీ లేదు. మా బిడ్డకు 180 దగ్గరికి వచ్చిందంటే దాని అడుగు పొడవు, దాని గడువు కలిసి అక్కడికి తెచ్చాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నడకతోనే మొదలుపెట్టండి. వేగంగా నడిస్తే నిమిషానికి 110, 120 అడుగులు పడతాయి, దానికి తగ్గ పాట ఎంచుకోండి. ఉరికేటప్పుడు పక్కవాళ్లతో ఒక మాట పూర్తిగా చెప్పగలిగితే ఆ వేగం సరైనదే. చెప్పలేకపోతే తర్వాతి పాట కొంచెం నిదానమైనది పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

ఇంకో మాట. చీకట్లో, రోడ్డు మీద, రెండు చెవుల్లోనూ పాట వద్దు. బండ్లు ఎదురుగా కనబడేట్టు కుడి అంచునే ఉరుకుతాం కాబట్టి కుడిచెవిలో మాత్రం పెట్టుకుని, రోడ్డు వైపున్న ఎడమచెవి తెరిచి ఉంచాలి. వెనక నుంచి వచ్చే బండే కాదు, కుక్క అయినా, మనిషి అయినా వినబడాలి. మేం ఇద్దరం ఉన్నాం కాబట్టి ఫోన్ చేతిలో పట్టుకుని పైకే పెట్టుకునేవాళ్లం. సగం కంటే ఎక్కువ శబ్దం ఎప్పుడూ పెంచలేదు. ఒంటరిగా వెళ్లే చెల్లెళ్లకు మైదానమే మేలు.

ఫోన్ లేని రోజు

అన్నీ కుదిరాయనుకుంటున్నప్పుడు మా బిడ్డ హాల్‌టికెట్ మీది నియమాలు చదివి గొల్లుమంది. "ఫోన్ లోపలికి రానియ్యరే అమ్మా!" అవును, రానివ్వరు. పెద్ద పోటీల్లోనూ అంతే, పాటల యంత్రాలు చెవిలో పెట్టుకుని ఉరకడానికి ఒప్పుకోరు. రెండు నెలలు పాట పట్టుకుని ఉరికిన పిల్ల ఇప్పుడు పాట లేకుండా ఎట్లా?

ఇంకా నాలుగు వారాలుంది. మొదటి వారం మూడు చుట్లు పాటతో, ఆఖరిది పాట లేకుండా. తర్వాత రెండు, తర్వాత ఒకటి. పాట ఆగగానే మొదట్లో అడుగు తప్పేది. చుట్టు 75 నుంచి 84కు పడిపోయేది. అప్పుడు నేను మైదానం మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. అదీ కొన్నాళ్లే, అక్కడికి నేను వెళ్లి కొట్టలేను కదా! ఆఖరికి అదే ఒక ఉపాయం కనిపెట్టింది. కుడికాలు పడ్డప్పుడల్లా కుడిచేతి బొటనవేలు చూపుడువేలికి తాకించుకోవడం. చప్పుడు లేని చప్పట్టు. పాట లోపల అనుకుంటూ, వేలు కలుపుకుంటూ ఉరికితే చుట్టు మళ్లీ 75కు, 76కు వచ్చింది. సినిమా పాటయితే రెండు చరణాల తర్వాత మాటలు మరిచిపోయేదేమో. ఇది అమ్మమ్మ నోట విన్న పాట, మరిచిపోయే ప్రశ్నే లేదు.

డిసెంబరులో కరీంనగర్‌లో ఈవెంట్స్. తెల్లవారుజామున చలి. నన్ను గేటు బయటే ఆపారు. లోపల ఏం జరుగుతోందో తెలియదు. గోడ పక్కన నాలాంటి తల్లులు, తండ్రులు చాలామంది. ఒకామె కొంగు కప్పుకుని దేవుడికి దండం పెడుతూ ఉంది. నేను మాత్రం వేళ్లు కలుపుతూ కూర్చున్నాను. ఎన్ని పాటలు పాడుకున్నానో నాకే తెలియదు.

బయటికి వచ్చాక నన్ను చూసి ఏమీ మాట్లాడలేదు. చేయి ఎత్తి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది. 4 నిమిషాల 58 సెకన్లు! లాంగ్ జంప్, గుండు కూడా దాటింది.

ఉద్యోగం మాత్రం రాలేదు. చివరి రాతపరీక్షలో మార్కులు కొంచెం తగ్గాయి. ఆ రోజు ఇల్లంతా ఏడ్చాం, అబద్ధమెందుకు? దుబాయ్ నుంచి ఆయన ఫోన్ చేసి "ఉరికింది కదా, అది చాలు" అన్నారు. దానికి చాలలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండి వేరే పరీక్షలకు చదువుతోంది. హాస్టల్ పక్క పార్కులో ఉరుకుతానంటుంది, పాట లేకుండానే.

నా పరగడుపు షుగర్ ఎనిమిది నెలలకు 102కు దిగింది. ఉరుకుడు ఒక్కటే కాదు, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను, పిండివంటలు తగ్గించాను. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఇప్పుడు నాతో పాటు మా వాడకట్టు వాళ్లు ముగ్గురు వస్తున్నారు. ఒకామె బీడీలు చుడుతుంది, రోజంతా కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తుందని వస్తుంది. ఆమె కుడికాలు లెక్క 66. ఆమెకు తగిన పాట ఆమె అత్తగారి గొంతుతోనే దొరికింది, ఫోన్లో పట్టి ఇచ్చాం.

మొన్న పండుగకు మా బిడ్డ ఇంటికి వచ్చింది. సద్దుల నాడు గుమ్మి చుట్టూ ఆడుతుంటే ముందు నడుస్తున్న మా వదినె వెనక్కి తిరిగింది. "ఏందే, తల్లీబిడ్డలు మా మడిమెలు తొక్కుతున్నరు? గింత జోరుగ ఏడికి పోతరు?" అని గట్టిగా కేకేసింది. చూసుకుంటే ఇద్దరం 90 మీద ఉన్నాం.